సింగపూర్‌లో ఒక్క రాత్రి మజిలీ: ఎక్కడ దిగితే మంచిది?

హైదరాబాదు నుంచి సిడ్నీకి, విశాఖ నుంచి మెల్‌బోర్న్‌కి, అమెరికా పశ్చిమ తీరం నుంచి ఇంటికి సింగపూర్ మీదుగా రాకపోకలు సాగించే తెలుగువాళ్ళకు కొదవ లేదు. టికెట్టు తీసేటప్పుడు రెండు విమానాల మధ్య తొమ్మిది గంటలో, పందొమ్మిది గంటలో, ఒకటిన్నర రోజో ఖాళీ వస్తుంది. కొందరికి అది చవక టికెట్టు తెచ్చిన తిప్పలు. కొందరు ఊరు చూడవచ్చని కావాలనే పెట్టుకుంటారు. ఎలా వచ్చినా ప్రశ్న ఒకటే: ఆ కాస్త సమయానికి ఎక్కడ దిగాలి?

హోటల్ బుకింగ్ యాప్ తెరిస్తే నక్షత్రాలు, ఈతకొలను ఫొటోలు, రేట్లు కనిపిస్తాయి. వారం రోజులు ఉండేవాళ్ళకు ఆ వివరాలు చాలు. ఒక్క రాత్రికి మాత్రం గది ఎంత బాగుందన్నది మూడో ప్రశ్న. మొదటిది, విమానం ఎన్ని గంటలకు దిగుతుంది, మళ్ళీ ఎన్ని గంటలకు ఎక్కాలి అన్నది. రెండోది, పెట్టెలు మన చేతికి వస్తాయా, నేరుగా చివరి ఊరికే వెళ్ళిపోతాయా అన్నది. ఈ రెండూ తేలితే సగం హోటళ్ళు వాటంతట అవే పక్కకు తప్పుకుంటాయి.

ముందు గంటల లెక్క

చాంగీ విమానాశ్రయంలో పనులు చకచకా జరుగుతాయి, నిజమే. అయినా విమానం దిగి, ఇమిగ్రేషన్ దాటి, రైలెక్కి, ఊళ్ళో హోటల్ గుమ్మం ముందు నిలబడేసరికి గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది. తిరిగి వెళ్ళేటప్పుడు దారికి ఒక గంట, విమానానికి మూడు గంటల ముందు చేరుకోవడం అదనం. అంటే మజిలీ మొత్తంలోంచి ఐదున్నర, ఆరు గంటలు మొదటే తీసెయ్యాలి. పది గంటల మజిలీలో చేతికి దక్కేది నాలుగు గంటలు. అంతమాత్రానికి ఊళ్ళో గది తీసుకోవడం డబ్బు దండగ. పద్నాలుగు గంటలు దాటితేనే ఊళ్ళో గది గురించి ఆలోచించాలని నా అభిప్రాయం. అందులో ఒక రాత్రి పూర్తిగా ఉంటే మరీ మంచిది.

ఇంకో లెక్క ఒంటికి సంబంధించింది. మన వైపు నుంచి వచ్చే విమానాలు చాలావరకు రాత్రి బయల్దేరి పొద్దున్నే సింగపూర్‌లో దిగుతాయి. అక్కడి సమయం మనకంటే రెండున్నర గంటలు ముందు. అక్కడ ఉదయం ఆరు గంటలంటే మన ఒంటికి తెల్లవారుజామున మూడున్నర. నాలుగున్నర గంటల ప్రయాణంలో భోజనాల హడావుడి, ప్రకటనలు పోగా రెండు గంటలు కునుకు పడితే గొప్ప. అలా దిగిన మనిషికి కావలసింది వెంటనే నడుం వాల్చే మంచం. హోటళ్ళేమో మధ్యాహ్నం రెండు, మూడు దాటితే గాని గది ఇవ్వవు. పొద్దున ఏడు నుంచి మధ్యాహ్నం మూడు దాకా ఉన్న ఈ సందు గురించి ముందుగా ఆలోచించకపోతే ఎంత మంచి హోటలైనా లాబీలో కూర్చుని కునికిపాట్లు పడే చోటుగానే మిగులుతుంది.

దీనికి మూడు దారులున్నాయి. ముందు రాత్రికి కూడా కలిపి గది తీసుకోవడం ఒకటి. ఇది ఖర్చే, కానీ చంటిపిల్లలో, పెద్దవాళ్ళో వెంట ఉంటే పెట్టిన డబ్బుకు న్యాయం జరుగుతుంది. విమానాశ్రయంలోనే గంటల లెక్కన గది తీసుకుని, నిద్రపోయి, స్నానం చేసి, అప్పుడు ఊళ్ళోకి వెళ్ళడం రెండోది. పెట్టెలు హోటల్లో పడేసి, సాయంత్రం దాకా తిరగడం మూడోది. ఇరవై ఏళ్ళ వయసులో మూడోది హాయిగానే ఉంటుంది. యాభై దాటాక ఎవరికీ చెప్పను.

వీసా, పెట్టెలు

భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకు సింగపూర్‌లో అడుగు పెట్టాలంటే వీసా కావాలి. అయితే అమెరికా, ఆస్ట్రేలియా, కెనడా, బ్రిటన్, న్యూజీలాండ్, జపాన్, జర్మనీ, స్విట్జర్లాండ్ దేశాల్లో ఏదో ఒకదాని వీసా గానీ దీర్ఘకాల నివాస అనుమతి గానీ ఉండి, మూడో దేశానికి వెళ్తూనో అక్కడినుంచి వస్తూనో ఉంటే, 96 గంటల దాకా వీసా లేకుండా లోపలికి రానిచ్చే సదుపాయం ఉంది. ఇండియా నుంచి సింగపూర్ వెళ్ళి మళ్ళీ ఇండియాకే తిరిగి వచ్చేవాళ్ళకు ఇది వర్తించదు. ఒక్కసారి ప్రవేశానికే చెల్లే వీసా ఉన్నవాళ్ళకు షరతులు ఇంకాస్త బిగువు. కాబట్టి గది బుక్ చేసే ముందు సింగపూర్ ఇమిగ్రేషన్ శాఖ వెబ్‌సైటులో మీ పరిస్థితికి సరిపోయే నియమం చదువుకోవాలి. ఈ సదుపాయం మన హక్కు కాదు, చివరి మాట కౌంటర్‌లోని అధికారిదే. అందుకే రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి ఇచ్చే గదే తీసుకోవడం తెలివి. ప్రయాణానికి మూడు రోజుల లోపు నింపాల్సిన అరైవల్ కార్డు పూర్తిగా ఉచితం. దానికి డబ్బు అడిగే వెబ్‌సైటు కనిపిస్తే వెంటనే మూసెయ్యండి.

పెట్టెల సంగతి టికెట్టును బట్టి ఉంటుంది. రెండు ప్రయాణాలూ ఒకే టికెట్టు మీద ఉండి మజిలీ ఒక రోజు లోపయితే పెట్టెలు సాధారణంగా చివరి ఊరికే వెళ్ళిపోతాయి. చేతిసంచితో ఊరు తిరగవచ్చు. కాకపోతే మార్చుకునే బట్టలు, మందులు, ఛార్జరు పెద్ద పెట్టెలో పెట్టేస్తే రాత్రికి దిక్కుండదు. సింగపూర్‌లో ప్లగ్గు బ్రిటన్ తరహా చదరపు మూడు పుల్లలది. మన గుండ్రటి పుల్లల ఛార్జరుకు అడాప్టర్ కావాలి, దాన్ని కూడా చేతిసంచిలోనే ఉంచుకోండి. రెండు వేర్వేరు టికెట్లు కొన్నవాళ్ళు పెట్టెలు తీసుకోవడానికి ఇమిగ్రేషన్ దాటి బయటికి రావలసిందే. వాళ్ళకు వీసా గానీ పైన చెప్పిన 96 గంటల సదుపాయం గానీ లేకపోతే కుదరదు, పెట్టెలు మోసుకు తిరగడమూ తప్పదు. ఇలాంటివాళ్ళు హోటల్ వెతికేటప్పుడు రైలు స్టేషన్ నుంచి ఎన్ని అడుగులు నడవాలి, లిఫ్టు ఉందా అన్నవి అన్నిటికంటే ముందు చూసుకోవాలి.

విమానాశ్రయంలోనే ఉండిపోతే

చాంగీలో నిద్రపోయే చోట్లు రెండు రకాలు. ఇమిగ్రేషన్ దాటకుండా లోపలే ఉండే ట్రాన్సిట్ హోటళ్ళు ఒక రకం, దాటి బయటికి వచ్చాక ఉండేవి మరో రకం. ఈ తేడా తెలియక బుక్ చేసినవాళ్ళు తలుపు దాకా వచ్చి వెనక్కి తిరగాల్సి వస్తుంది.

లోపలి ట్రాన్సిట్ హోటళ్ళు గంటల లెక్కన గదులిస్తాయి. సాధారణంగా ఆరు గంటల మొదటి విడత, ఆ తర్వాత గంటకింత. వీసా లేనివాళ్ళకు, అర్ధరాత్రి దిగి పొద్దున్నే మరో విమానం ఎక్కేవాళ్ళకు ఇంతకంటే మంచిది లేదు. గది చిన్నది, చాలావాటికి కిటికీ ఉండదు. మంచం, దుప్పటి, వేడినీళ్ళు, చీకటి ఉంటాయి. మూడు గంటలు చచ్చినట్టు నిద్రపోవడానికి ఇంకేం కావాలి? ఒక్క జాగ్రత్త: టెర్మినల్ 1, 2, 3 వాటి మధ్య తిరిగే చిన్న రైలు స్కైట్రెయిన్‌తో కలిసి ఉన్నాయి గాని టెర్మినల్ 4 విడిగా, షటిల్ బస్సు దూరంలో ఉంది. మీ తర్వాతి విమానం ఏ టెర్మినల్‌లోదో చూసుకునే గది తీసుకోండి.

బయటి రకంలో రెండు పేర్లు చెప్పుకోవాలి. టెర్మినల్ 3కు అతుక్కుని ఉన్న క్రౌన్ ప్లాజా పూర్తి స్థాయి హోటల్. ఈతకొలను ఉంది, రేటూ అందుకు తగ్గట్టే ఉంటుంది. 2019లో తెరిచిన జ్యువెల్ భవనంలోని యోటెల్‌ఎయిర్ చిన్న గదుల హోటల్, గంటల లెక్కన కూడా ఇస్తుంది. 40 మీటర్ల ఎత్తు నుంచి గాజు గుమ్మటం నడిమధ్య పడే జలపాతం ఈ జ్యువెల్‌లోనే ఉంది. ఆ జలపాతం విమానాశ్రయంలోనే కదా, ట్రాన్సిట్‌లో చూసేయవచ్చని చాలామంది అనుకుంటారు. దగ్గరగా నిలబడి చూడాలంటే ఇమిగ్రేషన్ దాటాలి. దాటనివాళ్ళకు స్కైట్రెయిన్ కిటికీలోంచి ఒక్క క్షణం కనిపించి మాయమవుతుంది.

ఐదున్నర గంటలు దాటి 24 గంటల లోపు మజిలీ ఉన్నవాళ్ళకు విమానాశ్రయం వాళ్ళే ఉచితంగా ఊరు తిప్పి తెచ్చే బస్సు యాత్రలు నడుపుతారు. దేశంలోకి ప్రవేశించే అర్హత ఉండాలి, సీట్లు తొందరగా నిండుతాయి. పది, పన్నెండు గంటల మజిలీకి నేను చెప్పేది ఇదే: లోపల ఆరు గంటల గది, ఆ తర్వాత ఈ యాత్ర. ఊళ్ళో హోటల్ జోలికి పోవద్దు.

రైలు దారిని బట్టి ఊరు

ఊళ్ళోకి వెళ్ళేవాళ్ళు హోటల్ మ్యాపుకంటే ముందు ఎంఆర్‌టీ, అంటే అక్కడి మెట్రో రైలు, మ్యాపు చూడాలి. విమానాశ్రయం స్టేషన్ టెర్మినల్ 2, 3ల మధ్య ఉంది. అక్కడ ఎక్కిన రైలు మొదట ఎక్స్‌పో, ఆ తర్వాత తనా మేరా స్టేషన్లకు వెళ్తుంది. రెండు చోట్లా వేరే లైనులోకి మారవచ్చు. తనా మేరాలో మారితే ఆకుపచ్చ లైను: పాయా లేబార్, కల్లాంగ్, లావెండర్, బుగిస్ మీదుగా నేరుగా ఊరి నడిబొడ్డుకు. ఎక్స్‌పోలో మారితే నీలం రంగు డౌన్‌టౌన్ లైను: చైనాటౌన్‌కు, మెరీనా బే పక్కనున్న బేఫ్రంట్‌కు మళ్ళీ మారకుండా వెళ్ళవచ్చు. మన వీసా లేదా మాస్టర్ బ్యాంకు కార్డును గేటు దగ్గర తాకిస్తే చాలు, టికెట్టు కొననక్కర్లేదు. మన బ్యాంకు కార్డు మీద అంతర్జాతీయ చెల్లింపులు, తాకించి చెల్లించే సదుపాయం ముందే తెరిచి ఉంచుకోవాలి. ఛార్జీ రెండు సింగపూర్ డాలర్లకు అటూ ఇటూ. టాక్సీకి దానికి పది రెట్లు దాటుతుంది. అయినా నలుగురు మనుషులు, నాలుగు పెట్టెలు ఉన్నప్పుడు టాక్సీయే నయం.

ఈ మ్యాపులో ఒక మెలిక ఉంది. డౌన్‌టౌన్ లైను ఊరి మధ్యలో ఉంగరంలా చుట్టు తిరుగుతుంది. ఎక్స్‌పో వైపు నుంచి వెళ్తుంటే లిటిల్ ఇండియా స్టేషన్ దగ్గర్లోకి వచ్చినట్టే వచ్చి, చైనాటౌన్, బేఫ్రంట్, బుగిస్ అన్నీ చుట్టి చివరికి అక్కడికి చేరుతుంది. లిటిల్ ఇండియాలోని పెద్ద దుకాణం ముస్తఫా సెంటర్ పరిసరాల్లో గది తీసుకున్నవాళ్ళు అంతదాకా కూర్చోకుండా జలాన్ బెసార్‌లో దిగిపోతే పది, పదిహేను నిమిషాల నడక. పెట్టెలు లేనప్పుడు ఇది పసందైన దారి.

బుగిస్, లావెండర్: నా మొదటి ఓటు

ఒక రాత్రి, ఒక పగలు, మధ్యస్థమైన ఖర్చు, ఊరు కాస్తయినా చూడాలన్న కోరిక. ఇవే లెక్కలైతే ఎక్కువ ఆలోచించకుండా ఈ రెండు స్టేషన్ల చుట్టూ వెతకండి. విమానాశ్రయం నుంచి ఒక్కసారి మారితే చాలు, ముప్పావు గంటలోపే చేరిపోతారు. బుగిస్ నుంచి డౌన్‌టౌన్ లైనులో రెండో స్టేషనే బేఫ్రంట్. సాయంత్రం అక్కడి దీపాల ప్రదర్శన చూసి పావుగంటలో గదికి తిరిగి రావచ్చు. లావెండర్‌లో స్టేషన్‌కు ఆనుకునే ఉన్న పెద్ద హోటల్ ఉంది. పెట్టెలు లాగుతూ రోడ్లు దాటే పని లేదు, వాన వచ్చినా తడవరు. సింగపూర్‌లో వాన చెప్పి రాదు కాబట్టి ఇది చిన్న సంగతి కాదు.

కాలినడకన చూడదగ్గవీ ఇక్కడే ఎక్కువ. బంగారు గుమ్మటపు సుల్తాన్ మసీదు, అరబ్ వీధి, హాజీ సందు ఒకవైపు. మరోవైపు వాటర్లూ వీధిలో చైనీయుల క్వాన్ ఇమ్ ఆలయం, దాని పక్కనే శ్రీకృష్ణ దేవాలయం. క్వాన్ ఇమ్‌కు అగరొత్తులు వెలిగించి బయటికి వచ్చిన చైనీయ భక్తులు అదే నడకలో కృష్ణుడి గుడి ముందు కూడా ఆగి, చేతుల్లో అగరొత్తుల కట్ట పట్టుకుని తల వంచి దణ్ణం పెడతారు. గుడి వాళ్ళు వాటిని గుచ్చడానికి ఇసుక పోసిన పాత్ర కూడా పెట్టారు. పెట్టెలు హోటల్లో వదిలేసి, గది ఇచ్చేదాకా ఏం చేయాలా అనుకునేవాళ్ళకు ఈ వీధి ఒక్కటి చాలు.

లోపం తిండి విషయంలో. మాంసం, చేపలు తినేవాళ్ళకు ఏ లోటూ లేదు. శుద్ధ శాకాహారులు మాత్రం రెండు పూటలూ లిటిల్ ఇండియా దాకా నడిచి వస్తారు. పదిహేను, ఇరవై నిమిషాల దారే గాని, ఎండలో ఆ తేమకు చొక్కా ఒంటికి అంటుకుపోతుంది.

లిటిల్ ఇండియా: ఎవరికి నప్పుతుంది, ఎవరికి నప్పదు

అమ్మానాన్నలతో వెళ్ళేవాళ్ళు కళ్ళు మూసుకుని ఇక్కడే బుక్ చేస్తారు. అందులో అర్థం ఉంది. సెరంగూన్ రోడ్డు మీద వీరమాకాళి అమ్మవారి గుడి, ఇంకాస్త ముందుకు వెళ్తే 1855 నాటి శ్రీనివాస పెరుమాళ్ ఆలయం. 1947 నుంచి నడుస్తున్న కోమల విలాస్‌లో ఇడ్లీ, దోసె, కాఫీ. టెక్కా సెంటర్ బజారులో మునగకాయలు, కరివేపాకు, పచ్చి అరటికాయలు. ఆంధ్ర భోజనం పెట్టే హోటళ్ళూ ఈ పరిసరాల్లో ఉన్నాయి. విమానంలో ఇచ్చిన రొట్టెముక్క తినలేక ఆకలితో దిగిన పెద్దావిడకు, పొద్దున్నే వేడి ఇడ్లీ, సాంబారు ముందుకు వస్తే ఆ ఊరి మీద ఉన్న భయం సగం పోతుంది. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

ముస్తఫా సెంటర్ మరో ఆకర్షణ. ఒకప్పుడు 24 గంటలూ తెరిచి ఉండేది, ఇప్పుడు అర్ధరాత్రి దాటాక మూసేస్తున్నారు. మరచిపోయిన అడాప్టర్, మందు, చాక్లెట్లు, పెట్టె చక్రం విరిగితే కొత్త పెట్టె, అన్నీ ఒకే కప్పు కింద దొరుకుతాయి. తర్వాతి విమానంలో బరువు పరిమితి ఎంతో గుర్తుంచుకుని లోపలికి వెళ్ళండి.

ఇక రెండో వైపు. ఇక్కడి చవక హోటళ్ళు చాలావరకు పాత షాప్‌హౌస్‌లలో ఉన్నాయి. కింద కొట్టు, పైన ఇల్లుగా కట్టిన రెండు మూడు అంతస్తుల వరుస ఇళ్ళు అవి. కొన్నింటికి లిఫ్టు ఉండదు, మెట్లు ఇరుకు, నిటారు. గదుల్లో చాలావాటికి కిటికీ ఉండదు. లైటు తీసేస్తే మధ్యాహ్నమో అర్ధరాత్రో తెలియని చీకటి, ఏసీ ఆపితే ఉక్కపోత. పగటి నిద్రకు ఆ చీకటి వరమే గాని, గాలి ఆడని గదిలో ఉండలేని మనుషులు కొందరుంటారు. వాళ్ళు బుక్ చేసే ముందు గది వివరాల్లో కిటికీ సంగతి వెతికి మరీ చూడాలి. ఫొటోలో తెర వేసి ఉందంటే వెనక కిటికీ ఉన్నట్టు కాదు.

వీధి నడక కూడా మ్యాపులో కనిపించినంత సాఫీ కాదు. కొట్ల ముందు కప్పు ఉన్న నడవాలుంటాయి, వాన పడినా ఎండ కాసినా హాయి. అయితే ఒక్కో కొట్టు ముందు నేల ఒక్కో ఎత్తు. రెండు మెట్లు ఎక్కాలి, ఒక మెట్టు దిగాలి, మధ్యలో పూల బుట్టలు, కూరగాయల పెట్టెలు. 23 కిలోల పెట్టె లాగుతూ నాలుగు కొట్లు దాటేసరికి చక్రాలున్నందుకు లాభమేమిటో అర్థం కాదు. అందుకే ఇక్కడ దిగేవాళ్ళు పెట్టెలుంటే హోటల్ గుమ్మం దాకా టాక్సీలోనే రావాలి.

ఆదివారం సాయంత్రం ఇక్కడ ఇంకో లోకం. వారమంతా నిర్మాణ స్థలాల్లో, ఓడల మరమ్మతు యార్డుల్లో పనిచేసిన వలస కార్మికులు సెలవు రోజున వేలల్లో ఇక్కడికి చేరతారు. తమిళం, బెంగాలీతో పాటు తెలుగూ చెవిన పడుతుంది. ఇంటికి డబ్బు పంపే కౌంటర్ల ముందు వరుసలు, పచ్చిక మీద గుంపులుగా కూర్చుని వీడియో కాల్‌లో పిల్లలతో మాట్లాడేవాళ్ళు. భయపడాల్సింది ఏమీ లేదు. కానీ ఆ జనంలో పెట్టెలతో నడవడం కష్టం, గదిలోకి చప్పుడు వస్తుంది. ఆదివారం రాత్రి మజిలీ అయితే ఫారర్ పార్క్ స్టేషన్ వైపున్న పెద్ద హోటళ్ళను చూడండి. గుడీ దగ్గరే, గదులూ పెద్దవి, రేటు కాస్త ఎక్కువ.

దీపావళి రోజుల్లో సెరంగూన్ రోడ్డంతా దీపతోరణాలు కడతారు. ఆ సమయంలో ప్రయాణం పడితే పైన చెప్పిన అభ్యంతరాలన్నీ పక్కన పెట్టి ఇక్కడే దిగవచ్చు.

చైనాటౌన్

లిటిల్ ఇండియాకు ఉన్న మంచీ చెడూ చాలావరకు దీనికీ ఉన్నాయి: షాప్‌హౌస్‌లు, కిటికీ లేని గదులు, మెట్లు. మెరుగైన సంగతి రైలు. ఎక్స్‌పోలో మారితే నేరుగా చేరవచ్చు, ఇక్కడినుంచి మెరీనా బే మూడు స్టేషన్లు, సెంటోసా దీవికి వెళ్ళే హార్బర్‌ఫ్రంట్ రెండు స్టేషన్లు. సింగపూర్‌లో అన్నిటికంటే పాత హిందూ దేవాలయం, 1827 నాటి మారియమ్మన్ గుడి, లిటిల్ ఇండియాలో కాక ఇక్కడే ఉంది. మ్యాక్స్‌వెల్ ఫుడ్ సెంటర్‌లో హైనానీస్ చికెన్ అన్నం తినడానికి జనం బారులు తీరతారు. రెండోసారి సింగపూర్ వెళ్ళేవాళ్ళకు, తిండి విషయంలో పట్టింపులు లేనివాళ్ళకు బుగిస్ కంటే ఇదే నచ్చవచ్చు. చైనీయుల కొత్త సంవత్సరం రోజుల్లో మాత్రం రద్దీ, రేటు రెండూ పెరుగుతాయి. ఆ పండుగ రెండు రోజులూ చిన్న కొట్లు మూసే ఉంటాయి.

మెరీనా బే: కొలను కోసం ఎంత?

మూడు బురుజుల మీద ఓడ నిలబెట్టినట్టుండే మెరీనా బే శాండ్స్ 2010లో తెరిచారు. 57వ అంతస్తులోని ఈతకొలనులోకి అక్కడ గది తీసుకున్నవాళ్ళనే రానిస్తారు. కాబట్టి ఆ గది అద్దెలో పెద్ద భాగం నిజానికి కొలను టికెట్టు. మధ్యాహ్నం దిగి మర్నాడు సాయంత్రం విమానం ఎక్కేవాళ్ళకు, పెళ్ళయిన కొత్తలో వెళ్ళే జంటకు, సరదా తీర్చుకోవాలనుకుంటే సరే, తప్పు పట్టను. పొద్దున ఏడుకు దిగి ఆ రాత్రి పదకొండుకు ఎగిరిపోయేవాళ్ళకు మాత్రం వద్దు. గది చేతికొచ్చేది మధ్యాహ్నం దాటాక, రాత్రి ఏడింటికి బయల్దేరాలి. మిగిలే మూడు నాలుగు గంటలకు అంత డబ్బు పెట్టడం న్యాయం కాదు.

అక్కడి మిగతా వైభవమంతా బయటివాళ్ళకు ఉచితమే. గార్డెన్స్ బై ద బేలోని ఉక్కు చెట్ల దీపాల ప్రదర్శన రాత్రి 7:45కు, 8:45కు జరుగుతుంది. చెట్ల కింద గట్టు మీద వెల్లకిలా పడుకుని చూసేవాళ్ళను చూసి మొహమాటపడకండి, మీరూ పడుకోండి. మెడ నొప్పి పుట్టకుండా చూడాలంటే అదే పద్ధతి. ఫార్ములా వన్ పందెం ఈ రోడ్ల మీదే జరుగుతుంది. ఆ వారాంతంలో ఊరంతా రేట్లు ఆకాశాన్నంటుతాయి, దారులు మూస్తారు. తేదీలు చూసుకోండి.

ఆర్చర్డ్, సెంటోసా, గేలాంగ్

ఆర్చర్డ్ రోడ్డు షాపింగ్ మాల్స్ కోసం. ఒక్క రాత్రికి అక్కడ ప్రత్యేకించి లాభం లేదు. సెంటోసా దీవి పిల్లలున్న కుటుంబాలకు ఇష్టమే గాని, విమానాశ్రయానికి ఊరికి ఆ చివర. రెండు రాత్రులు లేకపోతే అటు వెళ్ళొద్దు.

గేలాంగ్ గురించి మాత్రం ఎవరో ఒకరు చెప్పాలి. రేట్ల వరుసలో పెట్టి వెతికితే మొదట వచ్చే హోటళ్ళలో చాలా ఇక్కడివే. విమానాశ్రయానికి దగ్గర, రైలు ఉంది, తిండి అద్భుతం, డ్యూరియన్ పండ్ల కొట్లకు పేరు పడింది. అదే సమయంలో ఇది ప్రభుత్వ పర్యవేక్షణలో వేశ్యాగృహాలున్న పేట. సరిసంఖ్య ఉన్న సందుల్లో అవి ఎక్కువ, బేసి సంఖ్య సందుల్లో తిండి కొట్లు ఎక్కువ. దొంగల భయం లాంటిదేమీ లేదు. కుర్రాళ్ళు ఇద్దరు ముగ్గురు కలిసి డబ్బు ఆదా చేసుకోవాలంటే ఉండవచ్చు. అత్తగారిని, మామగారిని తీసుకెళ్ళి అక్కడ దించితే ఆ రాత్రి మాటలు మీరే పడాలి.

తూర్పు వైపు, బంధువుల ఇళ్ళు

ఊరు ముందే చూసేసినవాళ్ళకు తూర్పు కొస మంచి చోటు. ఎక్స్‌పో విమానాశ్రయానికి ఒక్క స్టేషన్ దూరం, ఆఫీసు పనుల మీద వచ్చేవాళ్ళ కోసం కట్టిన శుభ్రమైన హోటళ్ళు ఉన్నాయి. చాంగీ విలేజ్‌లో సముద్రపు గాలి, హాకర్ సెంటర్‌లో, అంటే చవక తిండి కొట్ల సముదాయంలో, నాసి లెమాక్ అనే కొబ్బరిపాల అన్నం, అక్కడి జెట్టీ నుంచి చిన్న పడవలో పులావ్ ఉబిన్ దీవి. ఆకాశహర్మ్యాల సింగపూర్ కాకుండా పాత పల్లె సింగపూర్ ఎలా ఉండేదో ఆ దీవిలో కనిపిస్తుంది. సైకిలు అద్దెకు తీసుకుని అరపూట తిరగవచ్చు.

బంధువుల ఇల్లు కూడా ఒక ఎంపికే. సింగపూర్ తెలుగు సమాజం 1975లో ఏర్పడిందంటే మనవాళ్ళు అక్కడ ఎంతకాలంగా ఉన్నారో తెలుస్తుంది. పిన్ని కొడుకో, పాత క్లాస్‌మేటో ఎవరో ఒకరు ఉంటారు, మన ఇల్లుండగా హోటల్ ఎందుకని అంటారు. తాంపినీస్, సిమేయ్, పాసిర్ రిస్ వైపు ఇల్లయితే సంతోషంగా వెళ్ళండి, విమానాశ్రయం పక్కనే. జురాంగ్, ఉడ్‌ల్యాండ్స్ అయితే ఊరికి ఆ కొస, రానూపోనూ రెండు గంటలకు పైగా దారిలోనే పోతాయి. అలాంటప్పుడు ఊళ్ళో హోటల్ తీసుకుని, వాళ్ళనే సెరంగూన్ రోడ్డుకు భోజనానికి రమ్మనండి. నొచ్చుకోరు. వాళ్ళకూ మర్నాడు ఆఫీసు ఉంటుంది.

ఇల్లు అద్దెకిచ్చే యాప్‌లలో ఒక్క రాత్రికి ఫ్లాటు వెతికే ఆలోచన ఉంటే మానుకోండి. అక్కడ ప్రైవేటు ఇళ్ళను మూడు నెలలకు తక్కువ, ప్రభుత్వ గృహసంస్థ ఫ్లాట్లను ఆరు నెలలకు తక్కువ కాలానికి అద్దెకివ్వడం చట్టవిరుద్ధం.

బుక్ చేసేటప్పుడు

రేటు పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే పది శాతం సర్వీస్ ఛార్జి, దాని మీద తొమ్మిది శాతం జీఎస్టీ అదనమని అర్థం. 100 డాలర్ల గది చేతికొచ్చేసరికి 119 డాలర్ల 90 సెంట్లు. హోటళ్ళను పోల్చేటప్పుడు పన్నులు కలిసిన రేట్లే పోల్చండి. గదికి ఇద్దరన్న నియమాన్ని అక్కడ గట్టిగా పాటిస్తారు. మన దగ్గరలా ఇంకో పరుపు వేయించుకుందామంటే కుదరదు, పిల్లల వయసు కూడా ముందే రాయాలి. అల్పాహారం కలిపిన రేటు మీద ఆశ వద్దు. కింద వీధిలో కాయా టోస్టు (కొబ్బరి జాం రాసిన రొట్టె), కాఫీ అందులో కొద్ది భాగానికే దొరుకుతాయి.

బుక్ చేశాక హోటల్‌కు ఒక ఈమెయిలు పంపి మూడు సంగతులు అడగండి: పొద్దున్నే వస్తే పెట్టెలు ఉంచుకుంటారా, గది ఖాళీగా ఉంటే ముందే ఇస్తారా, గది ఖాళీ చేశాక స్నానానికి వీలుంటుందా. మూడోదానికి అవునన్న హోటల్, రాత్రి విమానం ఎక్కేవాళ్ళకు నక్షత్రం ఎక్కువున్న హోటల్ కంటే మేలు.

చివరగా తిరుగు ప్రయాణం. ఊళ్ళోంచి మొదటి రైలు పట్టుకుని విమానాశ్రయం చేరేసరికి ఉదయం ఆరు దాటుతుంది. ఎనిమిది గంటల విమానానికి ఆ రైలును నమ్ముకోలేం. టాక్సీయే గతి, అర్ధరాత్రి నుంచి ఆరు గంటల దాకా మీటరు మీద సగం అదనంగా వేస్తారు. కాబట్టి పొద్దున్నే విమానం ఉన్నవాళ్ళు ఊళ్ళో గది రేటుకు ఆ టాక్సీ ఖర్చు కూడా కలిపి, ఎక్స్‌పో హోటల్ రేటుతో పోల్చి చూడాలి. చాలాసార్లు ఎక్స్‌పోయే చవక. టాక్సీ పిలిచే గ్రాబ్ యాప్‌ను ఇంటి దగ్గరే ఫోన్‌లో వేసుకుని, కార్డు జతచేసి పెట్టుకోండి. సింగపూర్‌లో దిగాక మన బ్యాంకు పంపే ఓటీపీ ఫోనుకు రాకపోతే, తెల్లవారుజామున ఐదింటికి హోటల్ రిసెప్షన్‌లో కునుకు తీస్తున్న కుర్రాడిని లేపి టాక్సీ పిలిపించుకోవాలి.